మా వదిన చెప్పిన తేదీ ట్యాబ్‌లో పట్టలేదు



ఈ గ్రూపులో నేను చదివేదే ఎక్కువ, రాసేది తక్కువ. జీఓ 3 గురించి, హాస్టల్ మెస్ గురించి, దొంగ ఎస్టీ సర్టిఫికెట్ల గురించి అన్నలు, అక్కలు రాసేవన్నీ చూస్తూనే ఉన్నాను. నేను బీఎస్సీ నర్సింగ్ నాలుగో సంవత్సరం చదువుతున్నా. పాడేరు ఏజెన్సీ పిల్లని. మొన్న ఒక తమ్ముడు ఇక్కడే అడిగాడు: "బైపీసీ అయింది అక్కా, నర్సింగ్ అంటే ఇంజక్షన్లు పొడవడమే కదా, దానికన్నా కంప్యూటర్ వైపు పోతే నయమా?" అని. నాలుగు ముక్కల్లో జవాబు పెడదామనుకున్నాను. కుదరలేదు. అందుకే ఈ పెద్ద పోస్టు, కాస్త ఓపికగా చదవండి.

ముందు మా ఇంట్లో జరిగింది చెప్తాను.

మా వదినకి రెండో కాన్పు. మా ఊరు రోడ్డుకి ఏడు కిలోమీటర్లు పైన, మధ్యలో రెండు గెడ్డలు. జూన్‌లో ఆశా వెంటబెట్టుకుని సబ్ సెంటర్‌కి తీసుకెళ్ళింది. మా సబ్ సెంటర్‌కి అప్పుడు సొంత ఏఎన్ఎం లేదు, పక్క సెంటర్ అక్క ఇన్‌ఛార్జి. మైదానం నుంచి వచ్చిన ఆమె, మంచిదే. "చివరిసారి ముట్టు ఎప్పుడొచ్చిందమ్మా?" అని అడిగింది. వదిన చెప్పింది, "కొత్తయిపోయినాక మరి రాలేదండి."

ఏజెన్సీ వాళ్ళకి ఈ మాట విప్పి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం చెప్తున్నా. కొత్త పంట ఇంటికొస్తే ముందు దేవతకి పెట్టి, తర్వాత మనం తింటాం. అదే కొత్త. మా వైపు చలికాలంలో కంది, చిక్కుడు వచ్చినప్పుడు ఒక కొత్త. మామిడికి ఒకటి. కొర్రలకి ఒకటి. వదిన చెప్పింది చలికాలం కొత్త, అంటే జనవరి. ఏఎన్ఎం అక్కకి వినిపించింది కొత్త సంవత్సరం, అంటే ఉగాది. ట్యాబ్‌లో మార్చి 30 అని కొట్టింది. అందులో "కొత్తయ్యాక" అని రాసుకునే చోటు లేదు. తేదీ, నెల, సంవత్సరం, అంతే. అవి నింపకపోతే తర్వాతి పేజీ తెరుచుకోదు.

చివరి ముట్టు తేదీకి తొమ్మిది నెలల ఏడు రోజులు కలిపితే పురుడు తేదీ. ట్యాబ్ లెక్క వేసి జనవరి మొదటి వారం అని చూపించింది. అసలు తేదీ అక్టోబర్ ఆఖరు. పది వారాల తేడా.

రోడ్డు లేని ఊళ్ళ గర్భిణుల్ని నెలలు నిండే ముందే కిందకి తెచ్చి ఉంచడానికి బర్త్ వెయిటింగ్ హోమ్స్ ఉన్నాయని మీకు తెలుసు. ఎవర్ని ఎప్పుడు తేవాలో పురుడు తేదీని బట్టే లిస్టు తీస్తారు. మా వదిన పేరు డిసెంబర్ లిస్టులో పడింది. అక్టోబర్ ఆఖరి వారంలో ఒక రాత్రి వాన, పై గెడ్డ పొంగింది. నొప్పులు మొదలయ్యాయి. అన్నయ్య, ఊళ్ళో మరో ముగ్గురు డోలీ కట్టారు. గెడ్డ తగ్గేదాకా గట్టు మీద రెండు గంటలు ఆగారు. అక్కడే పురుడు అయింది. పిల్ల దక్కలేదు. వదిన దక్కింది, కింద ఆస్పత్రిలో రెండు బాటిళ్ళ రక్తం ఎక్కించాక.

తర్వాత సెలవులకి ఇంటికెళ్ళి ఆ కాగితాలు చూశాను. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ అని రాశారు. ట్యాబ్ తేదీ ప్రకారం 30 వారాలే మరి. పిల్ల బరువు ఆస్పత్రిలో తూచి రాసింది కూడా పక్కనే ఉంది: 2 కేజీల 600 గ్రాములు. 30 వారాల పిల్ల అంత బరువు ఎక్కడైనా ఉంటుందా? ఒక తప్పు తేదీ వల్ల కారణం కూడా తప్పుగా రికార్డయింది. రేపు ఎవరో పై ఆఫీసులో కూర్చుని ఏజెన్సీలో నెలలు నిండని కాన్పులు ఎక్కువ అని లెక్క తీస్తే, అందులో మా వదిన పిల్ల కూడా ఒక అంకె.

నా బాధ అంతా ఇంకోచోట. తల్లీ బిడ్డల కార్డులో ఆగస్టు 3 నాటి చెకప్‌లో పొట్ట ఎత్తు 28 వారాలు అని చేత్తో రాసి ఉంది. ట్యాబ్‌లో అదే రోజుకి 18 వారాలు. అంటే చెయ్యి పెట్టి చూసిన నర్సుకి నిజం దొరికింది. రాసింది కూడా. ఆ రెండు అంకెలూ ఒకదాన్నొకటి చూసుకోలేదు, అంతే. కార్డు వదిన దగ్గర ఉంది, లిస్టు ట్యాబ్‌లో ఉంది. ఆ రెండూ ఒకేచోట ఉండి, "పది వారాలు తేడా ఉంది, తేదీ మళ్ళీ అడుగు, కవలలా, ఉమ్మనీరు ఎక్కువా, స్కానింగ్‌కి పంపు" అని ఒక్క ఎర్ర గుర్తు వచ్చి ఉంటే చాలు.

తమ్ముడూ, నువ్వు అడిగిన కంప్యూటర్ పని ఇదే. ఆ ఎర్ర గుర్తు ఎప్పుడు రావాలో చెప్పగలిగేది ఇంజనీర్ కాదు. పొట్ట మీద చెయ్యి పెట్టి చూసిన మనిషి చెప్పాలి. అది కోడ్‌గా రాయడానికి ఇంజనీర్ కావాలి. ఈ ఇద్దరి మధ్య నిలబడే పనికి హెల్త్ ఇన్ఫర్మాటిక్స్ అని పేరు. మాకు రెండో సెమిస్టర్‌లోనే ఈ పేపర్ పెట్టారు. నిజం చెప్పాలంటే మా బ్యాచ్‌లో సగంమంది దాన్ని ఎంఎస్ ఆఫీస్ నేర్చుకునే పేపర్ అనుకుని పాసయిపోయాం. నేనూ అంతే. వదిన సంగతి జరిగాక మళ్ళీ పుస్తకం తీశాను.

ఫ్లారెన్స్ నైటింగేల్ అంటే మాకు మొదటి రోజు నుంచీ లాంతరు పట్టుకున్న ఫోటోనే చూపిస్తారు. ఆమె లెక్కల మనిషి అని ఎవరూ గట్టిగా చెప్పరు. క్రిమియా యుద్ధంలో సైనికులు గాయాల కన్నా రోగాలతోనే ఎక్కువ చచ్చిపోతున్నారని నెలవారీ లెక్క కట్టి, రంగుల బొమ్మ గీసి, ప్రభుత్వం ముందు పెట్టింది. 1858లో లండన్ స్టాటిస్టికల్ సొసైటీలో సభ్యత్వం పొందిన మొదటి ఆడమనిషి ఆమె. సేవ ఒకటి, లెక్క ఒకటి అని విడగొట్టింది తర్వాతి వాళ్ళు.

ఇక ఇప్పుడు మన దగ్గర ఉన్నవి చూద్దాం. 2016లో ఏఎన్ఎంల కోసం అన్‌మోల్ అనే ట్యాబ్ ఆప్ ముందు మన ఆంధ్రప్రదేశ్‌లోనే మొదలుపెట్టారు. గర్భిణులు, పిల్లల రికార్డు దాంట్లో ఉంటుంది. టీబీకి నిక్షయ్ ఉంది, 2012 నుంచి. జ్వరాలు, విరేచనాలు, అంటురోగాల సమాచారానికి ఐహెచ్ఐపీ, దేశమంతా 2021 నుంచి. పిల్లల టీకాలకి యూ-విన్. ఇవన్నీ పనికిమాలినవని నేను అనను. నిక్షయ్ సంగతే తీసుకోండి. మన కుర్రాళ్ళు పంట అయిపోయాక ఇటుక బట్టీలకి, చెన్నైకి, కేరళకి పోతారు. టీబీ మందులు మధ్యలో ఆపేస్తే ఏమవుతుందో తెలుసు కదా. నిక్షయ్ ఐడీ ఉంటే అక్కడి ఆస్పత్రికి కేసు బదిలీ చేసుకోవచ్చు, మందు అక్కడే తీసుకోవచ్చు. నెలకి 500 ఇచ్చే పోషణ డబ్బు 2024 నవంబర్ నుంచి 1000 అయింది, అదీ ఆ ఐడీ మీదే బ్యాంకులో పడుతుంది. కాగితం రిజిస్టర్ ఉన్న రోజుల్లో ఊరు దాటితే ఆ రోగి ఎవరికీ తెలిసేవాడు కాదు.

సికిల్ సెల్ ఇంకా మన సొంత విషయం. 2023 జూలై 1న దేశవ్యాప్త మిషన్ మొదలైంది. గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ళలోపు 7 కోట్ల మందికి పరీక్ష చేస్తామన్నారు. ఒళ్ళు నొప్పులతో మెలికలు తిరుగుతూ వచ్చిన పిల్లాడిని చూసి, వాడికి సికిల్ ఉందని రికార్డులో ముందే ఉంటే, నర్సు చేసే పని వేరు. నీళ్ళు ఎక్కించడం, ఒళ్ళు వెచ్చగా ఉంచడం, ఆక్సిజన్ చూసుకోవడం, నొప్పికి సరైన మందు కోసం డాక్టర్‌ని వెంటనే పిలవడం. రికార్డు లేకపోతే మలేరియా స్లైడ్ తీసి, ఒక బిళ్ళ ఇచ్చి, బెంచీ మీద కూర్చోబెట్టేస్తారు. డ్యూటీ మారినప్పుడు రాత్రి నర్సుకి పగటి నర్సు నోటితో చెప్పింది మర్చిపోవచ్చు. రాసి ఉన్నది మర్చిపోదు.

అయితే ఆ కార్డు గురించే ఒక మాట. సికిల్ కార్డులు రంగులతో ఇస్తారు, జబ్బు ఉన్నవాళ్ళెవరో, జన్యువు మోసేవాళ్ళెవరో తెలిసేలా. పెళ్ళికి ముందు ఇద్దరి కార్డులూ చూసుకోమని సలహా. సలహా మంచిదే. ఊరి మీటింగులో అందరి ముందు పేర్లు పిలిచి పంచితే మాత్రం అది సలహాగా ఉండదు. మా స్నేహితురాలి చెల్లికి అలాగే పంచాక ఒక సంబంధం వెనక్కిపోయింది. ఆ పిల్లకి జబ్బే లేదు, మోసే మనిషి మాత్రమే. అవతలి కుర్రాడికి లేకపోతే పిల్లలకి జబ్బు రాదని ఒక్కరూ కూర్చోబెట్టి చెప్పలేదు. సమాచారం రాబట్టడానికి పెట్టిన శ్రద్ధలో సగం దాన్ని దాచడానికి పెట్టరు. డిజిటల్ డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. మన రోగం మన అనుమతితోనే ఇంకొకరికి తెలియాలి అన్నది నర్సింగ్‌లో అంతకన్నా పాత నియమం. ఆభా అని 14 అంకెల నంబరు ఇస్తున్నారు చూశారా, మా ఊళ్ళో ఫోన్ లేని ఇళ్ళవాళ్ళకి ఆశా ఫోన్ నంబరే కొట్టేశారు. అనుమతి అడిగే ఓటీపీ ఆశాకే పోతుంది. అప్పుడు అనుమతి ఎవరు ఇచ్చినట్టు?

ఇప్పుడు లెక్క ఒకటి చెప్తాను, ఇది అందరూ గుర్తుపెట్టుకోవాలి. ఏజెన్సీలో పీహెచ్‌సీకి 20,000 జనాభా, సబ్ సెంటర్‌కి 3,000 అని నిబంధన. మలేరియాని వెయ్యి మందికి ఏడాదికి ఎన్ని కేసులు అని కొలుస్తారు. ఒక పీహెచ్‌సీ మొత్తానికి ఏడాదిలో ఆరు కేసులు వచ్చాయనుకోండి, వెయ్యికి 0.3. చాలా బాగుంది, దోమల మందు ఇక్కడ కొట్టక్కర్లేదు అనిపిస్తుంది. ఆ ఆరు కేసులూ 60 మంది ఉన్న ఒకే ఒక్క గూడెంలో వచ్చి ఉంటే? అక్కడ వెయ్యికి 100. అంకెలు అవే ఆరు. దేనితో భాగించాం అన్నదాని మీద ఆ గూడేనికి దోమతెరలు వస్తాయా రావా అన్నది ఆధారపడి ఉంటుంది.

మన గూడేల్లో సగం ఆ ఆప్‌ల లిస్టులో ఉండవు. రెవెన్యూ గ్రామం పేరు ఉంటుంది, పంచాయతీ పేరు ఉంటుంది, కొండ మీది 12 ఇళ్ళ పేరు ఉండదు. ఏఎన్ఎం ఏం చేస్తుంది? కింద ఊరి పేరు మీద కొట్టేస్తుంది. ఆ ఆరు కేసులు కింద ఊరి జనాభాలో కలిసిపోతాయి. కొండరెడ్లు, చెంచులు, కొలాములు, పోర్జాలు ఎక్కువగా ఉండేది ఇలాంటి చోట్లే. భద్రాచలం, ములుగు అడవుల్లో ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి ఉంటున్న గుత్తికోయల పరిస్థితి ఇంకా ఘోరం, చాలామందికి ఆధార్ కూడా లేదు.

2017లో చాపరాయి గుర్తుందా? వై.రామవరం మండలం కొండల మీద ఊరు, కొండరెడ్లది. వారాల వ్యవధిలో 16 మంది చనిపోయారు. కారణం మీద అప్పుడు చాలా వాదనలు నడిచాయి, నీళ్ళన్నారు, కల్లన్నారు. నేను ఆ వాదనలోకి పోను. నన్ను ఇప్పటికీ పట్టుకున్నది ఒక్కటే. మొదటి మనిషి పోయాక రెండో మనిషి పోయినప్పుడు, ఆ విషయం ఏ రిజిస్టర్‌లోనైనా పడి ఉండాలి. మూడో మనిషికి ఎవరో ఒకరు కొండ ఎక్కి ఉండాలి. 2004 నుంచే వ్యాధుల నిఘా కార్యక్రమం ఉంది, వారం వారం ఫారాలు పైకి వెళ్తూనే ఉన్నాయి. ఫారం నింపే మనిషి ఆ ఊరికి వెళ్తేనే కదా. వెళ్ళనప్పుడు ఆ గడిలో సున్నా రాస్తారు. పైన చూసేవాడికి జబ్బు లేక సున్నానా, మనిషి వెళ్ళక సున్నానా తెలీదు. నాకు పవర్ ఉంటే ఈ రెండు సున్నాలకీ వేరువేరు గుర్తులు పెట్టిస్తాను. వెళ్ళని ఊరికి సున్నా కొట్టడానికి వీల్లేకుండా, "వెళ్ళలేదు" అని రాసే దారి ఉండాలి, రాసినందుకు మెమో రాకుండా కూడా ఉండాలి. మెమో వస్తుందనుకుంటే ఎవరైనా సున్నానే రాస్తారు. నేనైనా.

"డాక్టరే లేనిచోట డాష్‌బోర్డ్ ఎందుకు, ముందు పోస్టులు నింపమనండి" అని కొందరు అన్నలు అంటారు, ఈ గ్రూపులోనే అన్నారు. ఆ కోపం నాకూ ఉంది. ఏఎన్ఎం అక్కలు పగలంతా కొండలు తిరిగి, రాత్రి సిగ్నల్ దొరికే చోటు వెతుక్కుని, అదే పేరు, అదే బీపీ, నాలుగు ఆప్‌లలో, రెండు రిజిస్టర్లలో ఎక్కిస్తున్నారు. పైగా ముఖం చూపించి హాజరు. సిగ్నల్ లేక హాజరు పడకపోతే జీతం కోత భయం. ఒకసారి పోస్టింగ్‌లో నేనే లెక్కపెట్టాను. ఒక గర్భిణికి బీపీ, రక్తం, బరువు చూడటానికి 11 నిమిషాలు పట్టింది. ఎక్కించడానికి 19 నిమిషాలు. ఇది నర్సుకి సాయం చేసే సమాచారం కాదు, నర్సు మీద నిఘా పెట్టే సమాచారం. ఒకసారి ఎక్కిస్తే మిగతా ఆప్‌లన్నీ అక్కడి నుంచే తీసుకోవాలి. సిగ్నల్ లేనప్పుడు ఫోన్‌లోనే దాచుకుని కిందకొచ్చాక పంపాలి. ఇవేమీ చంద్రయానం కాదు.

కానీ పోస్టులు నింపమని అడగడానికైనా మన దగ్గర లెక్క ఉండాలి కదా అన్నా. "మా ఊళ్ళో జ్వరాలు ఎక్కువ" అని వినతిపత్రం ఇస్తే ఐటీడీఏలో తీసుకుని పక్కన పెడతారు. "మా గూడెంలో 60 మంది, వానాకాలంలో ఆరు పాజిటివ్‌లు, చివరిసారి మందు కొట్టింది ఫలానా రోజు" అని ఇస్తే దాన్ని పక్కన పెట్టడం అంత సులువు కాదు. ఆ లెక్క ఇప్పుడు మన ఊరి నుంచి పైకి వెళ్తోంది, వెనక్కి రావడం లేదు. 1996 పెసా చట్టం ఊళ్ళో పనిచేసే సంస్థల మీద, సిబ్బంది మీద గ్రామసభకి అజమాయిషీ ఇచ్చింది. మూడు నెలలకోసారి సబ్ సెంటర్ లెక్కలు, పేర్లు లేకుండా, గ్రామసభలో చదివి వినిపించాలని మనం తీర్మానం చేయించొచ్చు. ఎన్ని జ్వరాలు, ఎన్ని కాన్పులు, ఎన్ని ఇంటి దగ్గరే జరిగాయి, ఎవరూ రాని నెలలు ఎన్ని. చదువుకున్న పిల్లలు సెలవులకి వెళ్ళినప్పుడు దీన్ని పట్టుకోండి.

జీఓ 3 కొట్టేసినప్పుడు మన పిల్లలకి మన భాష వచ్చిన టీచర్లు ఉండాలని గొడవ చేశాం, సరైన గొడవే. ఆ జీఓ టీచర్ పోస్టులకే. నర్సుల విషయంలో అంత గట్టిగా మనం ఎప్పుడూ అడగలేదు. మా వదిన "కొత్త" అన్నప్పుడు "ఏ కొత్త వదినా?" అని అడగగలిగే మనిషి ఆ కుర్చీలో ఉండి ఉంటే ఆప్ ఎలా ఉన్నా నడిచిపోయేది. అందుకే బైపీసీ తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి చెప్తున్నా, నర్సింగ్‌కి రండి. కంప్యూటర్ ఇష్టమైతే ఇంకా మంచిది, నర్సింగ్ చేశాక పబ్లిక్ హెల్త్ వైపో, ఇన్ఫర్మాటిక్స్ వైపో పై చదువులు ఉన్నాయి. ఆప్ తయారుచేసే గదిలో మనవాళ్ళు ఒక్కరు కూర్చున్నా, తేదీ గడి పక్కన ఇంకో గడి పెట్టిస్తారు.

ఆ గడి కోసం నేను, మా సీనియర్ అక్క కలిసి ఒక పట్టిక మొదలుపెట్టాం. పండగ పేరు, ఏ నెల, ఏ పంట, తెలుగులో ఏమంటారు, మన భాషలో ఏమంటారు. ఏఎన్ఎం అక్కలు గోడకి అంటించుకునేలా ఒక్క పేజీలో. మా అమ్మమ్మ ఒక్కర్తే కూర్చుని 11 చెప్పింది. మా మండలంలోనే ఊరికీ ఊరికీ వారం పది రోజుల తేడా వస్తోంది, కాబట్టి ఊరి పేరు లేకుండా రాస్తే పనికిరాదు. కువి, ఆదివాసీ ఒడియా, సవర, కోయ, గోండి, కొలామీ, ఏ భాషవాళ్ళైనా సరే, మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి, ఊరు, మండలం పేరుతో కింద రాయండి. ఇటుకల పండగ, కొర్ర కొత్త మాకు దొరికాయి. సీతంపేట వైపు, ఉట్నూరు వైపు మాకు ఒక్కటి కూడా రాలేదు.